ఐతారం ఆఫీసు

మొన్న మా పక్కింటామె గోడ మీదికెల్లి నన్నొక మాట అడిగింది. కేబుల్ల కొత్తగ నవ్వుల సీరియల్ ఒకటి వస్తుందట. అందుల పన్నెండు పదమూడేండ్ల పిల్లలు హోటల్ నడుపుతరట. మేనేజరు పిల్లగాడే, వంట చేసేది పిల్లగాడే, గిరాకీలను బోల్తా కొట్టిచ్చేది సుత పిల్లలే. ఆమె బిడ్డ దానికి అతుక్కపోయిందట. చూడనియ్యాల్నా వద్దా టీచరమ్మా అని అడిగింది. బడిల పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఇసొంటివి నాకు తెలుస్తయని ఆమె నమ్మకం. రేపు చెప్తనని లోపలికొచ్చిన.

చాటల బియ్యం ఏరుకుంట కూసున్న గని చెయ్యి ఆడలే. నేను పదకొండేండ్ల పొల్లగ ఉన్నప్పుడు, కరీంనగర్ల మా వాడల, అచ్చం ఇదే ప్రశ్న లేచింది. ఆనాడు దానికి జవాబు చెప్పిన మనిషి పోయి రెండేండ్లయితుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. వాడంత ఆమెను చిన్నమ్మ అంటుండె. నేను సుత అట్లనే అంట.

చిన్నమ్మ ఒక సర్కారు ఆఫీసుల చప్రాసి. మొదలు ఆ కొలువు ఆమె భర్తది. కామెర్లయి ఆయన పోతే ఆమెకిచ్చిండ్రు. పిల్లలు లేరు. చదువు రాదు. తన పేరు మాత్రం నొక్కి నొక్కి రాసేది, రాస్తున్నంతసేపు నాలిక కొస బయటనే ఉండేది. పొట్టి మనిషి. నడుముకు దోపిన తాళాల గుత్తి ఆమెకన్న ముందు వాడలకొచ్చేది. ఆ సప్పుడు వినపడితే మా అమ్మ, మేము అవ్వ అంటం, పొయ్యి అంటిచ్చేది, ఆఫీసులు బంద్ అయినయని.

ఎవలింటికి పోయినా ముందుగాల అక్కడి కుర్చీని కొంగుతోని దులిపేది. దులిపి, తను కింద కూసునేది. గోడకు క్యాలెండర్ వంకరగ కనపడితే మాట మధ్యలనే లేచి సీద చేసొచ్చేది. ఆమె మాటల నిండ ఆఫీసే. పొయ్యి మీద అన్నం ఎందాక అయిందని అడిగితే "ఫైల్ నడుస్తుంది" అనేది. పప్పు ఉడికి తాలింపొక్కటే మిగిలితే "సంతకమొక్కటే కావాలె" అనేది. ఒకసారి మా వాడల ఒకామెకు నెలలు నిండి ఇంకో నాలుగు దినాలయినా నొప్పులు రాకపోతే వాళ్లత్త మస్తు పరేషాన్ అయింది. చిన్నమ్మ పోయి, ఫికర్ జేయకు వదినా, పైసారు టేబుల్ మీదనే ఉంది, ఇయ్యాల రేపట్ల బయటికొస్తది అని చెప్పొచ్చింది. తెల్లారి ఆడపిల్ల పుట్టింది. వాడల ఆ పిల్లను చానా దినాలు "ఫైల్" అనే పిలిచిండ్రు.

వారంల ఆరు దినాలు ఆఫీసు. ఐతారం పొద్దుగాల పెద్దసారు ఇంటికి పోయేది. పెద్దసారంటే వాళ్ల ఆఫీసుల అందరికన్న పెద్దాయన. ఆ ఇంట్ల గిన్నెలు, చాదర్లు, వాకిలి అన్నీ ఆ దినం ఆమె మీదనే. కొలువు కాయిదంల ఆ పని ఎక్కడా లేదు. గని ఆమె భర్త చేసిండు, ఆయన పోయినంక అది సుత ఆమెకే వచ్చింది. పదకొండేండ్లల్ల నలుగురు సార్లు మారిండ్రు, ఐతారం మాత్రం మారలే. పది కొట్టే యాళ్లకు ఉరుక్కుంట ఇంటికొచ్చేది. చేతులు నీళ్లల్ల నాని, ముడుతలు పడి, వేరే ఎవలియో తెచ్చి అతికిచ్చినట్టుండేటియి.

ఉరుక్కుంట వచ్చుడు మా కోసమే. అప్పటికే మేము పది పన్నెండు మందిమి పిల్లలం ఆమె గడప ముందట చెప్పులు విడిచి కూసుంటుంటిమి. మస్కట్ల పనిచేసే తమ్ముడు సెలవుల మీద వచ్చినప్పుడు ఆమెకు రంగుల టీవీ తెచ్చిచ్చిండు. మా వాడకు అదే మొదటిది. దాన్ని చెక్క పెట్టె మీద పెట్టి, మీద పూల తువ్వాల కప్పింది. చేతులు తుడుసుకొని, ఆ తువ్వాలను పెండ్లిల తెర తీసినట్టు రెండు చేతులతోని పైకెత్తేది. మా అవ్వ మాత్రం మమ్ముల పంపే ముందట, నీళ్లు ఇంట్లనే తాగి పోండ్రి అనేది. ఎందుకో చెప్పకపోయేది. మేము అడగకపోయేటోల్లం.

పదింటికి వచ్చేది ఒక ఆఫీసు సీరియల్. దాంట్ల తమాష ఏందంటే ఆఫీసర్, గుమాస్తాలు, టైపు కొట్టే ఆమె, చప్రాసి, అందరూ పన్నెండు పదమూడేండ్ల పిల్లలే. ఆఫీసరు పిల్లగానికి పెట్టుడు మీసం. అది ఊడి ఊడి పెదవుల మీదికి వస్తుండె. చప్రాసి పిల్లగాడు అందరికన్న పొట్టి. వాని పేరు టింగూ. వాని ఖాకీ నిక్కరు మోకాళ్ల కింది దాక, టోపీ కండ్ల మీది దాక. వాడు చాయ్ ఒలకబోస్తడు, ఫైళ్లు తారుమారు చేస్తడు, స్టూలు మీద కునికి కింద పడ్తడు. పడ్డప్పుడల్ల టీవీల ఎవరో కనపడనోళ్లు పకపక నవ్వుతరు. మేము సుత నవ్వుతుంటిమి.

ఆఫీసరు బల్ల మీది గంట కొట్టంగనే చిన్నమ్మ సగం లేచేది. తన ఇంట్ల, తన టీవీ ముందటనే. మేము నవ్వితే ఆమె సుత నవ్వి, ఇది ఇల్లని మోకాళ్లకు తెల్వది కదా బిడ్డా అనేది.

సీరియల్ హిందీల వచ్చేది. చిన్నమ్మకు గాజులాయనతోని బేరమాడేంత ఉర్దూ వచ్చు. టీవీ పిల్లలు గబగబ మాట్లాడితే ఆమెకు అందకపోయేది. నా బడి దోస్తు ఇంట్ల ఉర్దూనే మాట్లాడుతరు, బడిల హిందీ ఉండె, కాబట్టి నాకు బాగనే వచ్చు. అందుకే నన్ను పక్కన కూసోబెట్టుకొని, ఏమంటుండు బిడ్డా, ఏమంటుండు అని మోచేతితోని పొడిసేది. నేను ఆమె చెవుల చెప్తుంటి.

మొదటి అబద్ధం రెండో వారమే ఆడిన. ఆఫీసరు టింగూను పట్టుకొని గాడిద కొడకా అన్నడు. ఏమంటుండని చిన్నమ్మ అడిగింది. అప్పుడే కడుక్కొని వచ్చిందేమో, ముఖం నున్నగ, కండ్లు పెద్దగ చేసి నా దిక్కే చూస్తుంది. ఆ ముఖం మీద ఆ మాట వేయబుద్ధి కాలే. జర జల్ది రమ్మంటుండు అన్న. ఆమె తల ఊపి, అనొచ్చు, పని తొందర ఉంటది కదా అన్నది.

ఒకటి ఆడినంక రెండోది ఎంత సేపు. మూడో వారం టింగూ ఫైల్ దాచిపెట్టి ఆఫీసర్ను బోల్తా కొట్టిచ్చిండని చెప్పిన. నాలుగో వారం వాడే దొంగ లెటరు పట్టుకున్నడని చెప్పిన. నిజానికి వాడు ఆ లెటరు మీద చాయ్ ఒలకబోసిండు, అంతే. నాకు తెల్వకుంటనే టింగూలు ఇద్దరైండ్రు. టీవీల తన్నులు తినేటోడొకడు, నా నోట్లెకెల్లి చిన్నమ్మ చెవులకు పోయేటోడొకడు. రెండోవాడు మాటకు మాట చెప్పేటోడు, ఆఫీసంత వాని తెలివి మీదనే నడిచేది. చిన్నమ్మకు వాడంటే పాణం. వాడు తెర మీదికి రాంగనే, వచ్చిండు మనోడు అని ముందటికి జరిగి కూసునేది.

అప్పుడే మా ఇంట్ల లొల్లి లేచింది. మేము సెలవు దినం వాకిట్ల ఆఫీసు ఆట ఆడుతున్నం. నేను ఆఫీసర్ను. బొగ్గుతోని మీసం దిద్దుకున్న. మా తమ్మునికి ఏడేండ్లు, వాడే టింగూ. బోర్లేసిన బకీట మీద వాన్ని కూసోబెట్టి, గంట బదులు చెంబు కొట్టి, అబే గాడిదా, చాయ్ తే అని ఒర్రిన. వాడు ఉరికొచ్చి వంగి సలాం కొట్టిండు. ఎనుకకు తిరిగి చూస్తే గేటు కాడ బాపు సైకిల్ పట్టుకొని నిలబడ్డడు.

బాపు లెక్కల సారు. కొట్టేటోడు కాదు, అరిసేటోడు కాదు. సైకిల్ గోడకానిచ్చి, నా బొగ్గు మీసం తన రుమాలుతోని తుడిసి, ఇగ ఐతారం టీవీకి పోవద్దన్నడు. అవ్వతోని చెప్తుంటే నేను విన్న. పెద్దోళ్లు చేసింది పిల్లలు చూస్తరు, అక్కడికే అయిపోతది; అదే పిల్లలు చేసి చూపెడితే చూసే పిల్లలు అదే చేస్తరు. ఎవలను ఏమనొచ్చో కుర్చీని బట్టి నేర్చుకుంటుండ్రు, ఇది నవ్వులాట కాదు అన్నడు. అవ్వ కూరగాయలు కోసుకుంట అవునవునన్నది. వాడల ఇంకో ఇద్దరు ముగ్గురు సుత పిల్లలను ఆపిండ్రు.

మరుసటి ఐతారం మేము పోలే. పొద్దు గూకే ముందు తాళాల సప్పుడు మా వాకిట్లకు వచ్చింది. చిన్నమ్మ గడప అవతలనే నిలబడి, బాపు కూసున్న కుర్చీని దులపడానికి లేక చేతులు కొంగుల చుట్టుకున్నది.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. గని ఆఫీసు సంగతి నాకెరుక" అన్నది. "గా సీరియల్ల చప్రాసిని ఎవ్వలు చిన్నగ చూడరు. వాడు తెలివిగల్లోడు. ఆఫీసరు సుత వాన్ని అడిగే చేస్తడు. నేనే అబ్బురపడ్డ, గట్ల సుత ఉంటదా అని. పిల్లలు గదొక్కటి చూసినా మంచిదే."

బాపు నా దిక్కు చూసిండు. నేను దర్వాజ పక్కకు జరిగిన. బాపుకు ఆ సీరియల్ తెల్వది, ఒక్కనాడు చూడలే. మా ఆట మాత్రమే చూసిండు. ఆట మేమే పాడు చేసినమేమో అనుకున్నట్టున్నడు. ఆఫీసుల పనిచేసే మనిషివి, నువ్వు చెప్తే సరేనమ్మా అన్నడు.

ఆ సరే వినంగనే నాకు సంబురం కావాలె. కాలే.

తర్వాతి వారం మేమంత మళ్ల చేరినం. తువ్వాల ఎత్తుకుంట చిన్నమ్మ ఒక ముచ్చట చెప్పింది. ఆఫీసుల గుమాస్తాలు సుత గీ సీరియలే చూస్తుండ్రట, అందరు ఇప్పుడు ఆమెను టింగూ అనే పిలుస్తుండ్రట. టింగూ, చాయ్ తే, టింగూ, ఫైల్ తే అని. "నాకు గా పేరు పెట్టిండ్రు చూడు బిడ్డా" అని నా బుగ్గ గిల్లింది. ఆ ఆఫీసుల వాళ్లు ఏ టింగూను పిలుస్తుండ్రో నాకు తెలుసు. ఆమె ఏ టింగూ అనుకుంటుందో సుత నాకే తెలుసు. చెప్పొచ్చు. చెప్పలే. ఆమె అంత సంతోషంగ ఉంది మరి.

అదే దినం సీరియల్ల ఆఫీసరు టింగూను తన ఇంటికి పంపిండు. ఇంట్ల దావత్ ఉంది, పోయి గిన్నెలు తోముమన్నడు. టింగూ పోయి తోముతడు. సబ్బు నురుగుల జారి పడ్తడు, గిన్నెల కుప్ప వాని మీద పడ్తది, చీనీ పింగాణీ అంత పలుగుతది. ఆఫీసరు వాన్ని చెవి పట్టి ఇల్లంత తిప్పుతడు. వెనుక నుంచి పకపక నవ్వులు.

చిన్నమ్మ ఆ దినం మోచేతితోని పొడువలే. నాని ముడుతలు పడ్డ చేతులు ఒళ్లె పెట్టుకొని, మెల్లగ, ఏమన్నడు బిడ్డా అని అడిగింది.

నేను తెరను చూడలే. ఆ చేతులు చూసిన. చూసి, నాకు నోటికొచ్చింది చెప్పిన. టింగూ పోనన్నడు చిన్నమ్మా. నేను సర్కారు కొలువు చేస్తున్న, మీ ఇంట్ల జీతమున్ననా అన్నడు.

జీతముండుడంటే మా దిక్కు దొరల ఇండ్లల్ల పాలేరుగ పడి ఉండుడు. ఆ మాట మా తాత నోట విన్నది, ఎక్కడ దాగి ఉండెనో అప్పుడు బయటికొచ్చింది. మరి గిన్నెలెందుకు పలగ్గొట్టిండు అని చిన్నమ్మ అడిగింది. కోపంతోని పలగ్గొట్టిండు అన్న. సీరియల్ అయిపోయినంక తువ్వాల కప్పుడు మర్చిపోయింది.

మరుసటి ఐతారం మేము పోయేసరికి ఆమె ఇంట్లనే ఉంది. వాకిలి సాన్పు జల్లి, ముగ్గేసి, గడప మీద కూసోని తలకు నూనె రాసుకుంటుంది. చేతులు పొడిగ ఉన్నయి.

"పెద్దసారు ఇంటికి పోలేదా చిన్నమ్మా?"

"పోలే బిడ్డా. పోనని చెప్పిన."

ఏమని చెప్పిందో నేను అడగలే. అడగకుంటనే నాకు తెలుసు. ఆ దినం సీరియల్ల గంట మోగితే ఆమె కదలలే. పిల్లలు ఆమె లేస్తదని చూసి చూసి నవ్వడానికి రెడీ అయిండ్రు గని ఆమె కాళ్లు చాపుకొని అట్లనే కూసున్నది. నాకు గర్వమయింది. దాని ఎనుకనే భయమయింది. భయమే ఎక్కువసేపు ఉన్నది.

నెల తిరగకుంటనే ఒక సాయంత్రం ఆమె కొంగున కట్టుకొని కాయిదమొకటి తెచ్చి బాపు చేతుల పెట్టింది. బాపు చదివి, లక్షెట్టిపేటకు బదిలీ చేసిండ్రమ్మా అన్నడు. లక్షెట్టిపేట అంటే గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లా. అక్కడ వాళ్ల చిన్న ఆఫీసు ఒకటుండె. చిన్నమ్మ కాయిదం దిక్కే చూస్తున్నది, అక్షరాలు తెలిసినట్టు. బాపు ఎందుకయిందని అడిగితే అంత చెప్పింది. ఐతారం పని, పదకొండేండ్లు, మొన్న పోననుడు, అన్నీ. సీరియల్ల పిలగాడు ఏ మాటన్నడో అదే మాట అన్న సారూ, ఎక్కువ తక్కువ అనలే అన్నది.

బాపు ముఖం మారింది. ఆయన సీరియల్ చూడలేదు గని, గిన్నెలు పలిగిన ముచ్చట వాళ్ల బడిల సార్లు చెప్పుకొని నవ్వంగ విన్నడట. ఆ పిల్లగాడు ఎదురు మాట్లాడలేదని ఆయనకు తెలుసు. అప్పుడు నా దిక్కు తిరిగి చూడలే. దరఖాస్తు రాసిస్తనమ్మా, పై ఆఫీసుకు పంపుదామని మాత్రం అన్నడు. రాసిచ్చిండు సుత. దానికి జవాబు రాలే.

చిన్నమ్మ పోయినంక నన్ను పిలిచిండు. నేను అడగకముందే ఏడ్చిన. అంత చెప్పిన, గాడిద కాడికెల్లి జీతం దాక. బాపు తిట్టలే. నాకు చెప్పుడు కాదు, పోయి ఆమెకు చెప్పు అన్నడు. నేను కదలకపోతే తనే చెప్పులేసుకొని నా చెయ్యి పట్టుకున్నడు.

మా బాపు ఆ ఇంటికి వచ్చుడు అదే మొదలు. చిన్నమ్మ సామాను కట్టుకుంటున్నది. సారును చూసి లేచి, ఇంట్ల ఉన్న ఒక్క కుర్చీని దులిపి వేసింది. ఇత్తడి చెంబుల నీళ్లు తెచ్చింది. తెచ్చి, ఇయ్యాల్నా వద్దా అని ఆగింది. బాపు చెయ్యి చాపి చెంబు తీసుకొని సగం చెంబు తాగిండు. అవ్వ మాట నాకు యాదికొచ్చింది. బాపుకు సుత వచ్చే ఉంటది.

నేను చెప్పిన. గోడకానుకొని, కాలి బొటనవేలు చూసుకుంట చెప్పిన. టింగూ ఆ మాట అనలేదు చిన్నమ్మా, నేనే అన్న.

ఆమె చేతులల్ల ఉన్న తాడు అట్లనే ఆగింది. "మరి వాడేమన్నడు?"

"ఏమనలే. గిన్నెలు తోమిండు. పలిగినయి. చెవి పట్టి తిప్పిండ్రు. అందరు నవ్విండ్రు."

"లెటరు పట్టుకున్నది?"

"పట్టుకోలే. చాయ్ పోసిండు."

"మా ఆఫీసోల్లు నన్ను టింగూ అన్నది గందుకేనా?"

ఆమెకు నా జవాబు అక్కర లేకుండె. తాడు రెండు చుట్లు చుట్టి, పల్లుతోని బిగించి ముడేసింది. కోపమొచ్చిందో, ఏడుపొచ్చిందో నాకు తెల్వలే. ముఖం నా దిక్కు లేదు.

బాపు దిక్కు తిరిగి, "సారూ, మీకు నేను తప్పు చెప్పిన, నా మాట మీద పిల్లలను పంపిండ్రు" అన్నది. బాపు, తప్పు నీది కాదమ్మా, మా పిల్లది అన్నడు. ఇగ ఆ సీరియల్ పిల్లలు చూసేది కాదని సుత అన్నడు. అప్పుడు చిన్నమ్మ చెప్పిన మాట నేను ఇన్నేండ్లయినా మర్వలే; పక్కింటామెకు సుత అదే చెప్పిన.

"పిల్లలు చూడొచ్చు సారూ. పిల్లలు నవ్వి మర్చిపోతరు. లేకుంటే మీ బిడ్డ లెక్క మంచిగ మార్చి చెప్తరు. మా ఆఫీసోల్లు చూడొద్దు. గాళ్లు చూసే నాకు పేరు పెట్టిండ్రు."

బాపు మిగిలిన నీళ్లు తాగి చెంబు కింద పెట్టిండు. తెల్లారి ఆమె సామానును తనే సైకిల్ మీద పెట్టుకొని బస్టాండు దాక తోలుకపోయిండు. టీవీని చాదరుల చుట్టి బస్సు మీద కట్టిండ్రు. మా పిల్లలందరం నిలబడి చూసినం. చిన్నమ్మ అందరి తలల మీద చెయ్యేసింది. నా తల మీద సుత వేసింది.

తొమ్మిదేండ్లు గడిచినయి. నేను టీచర్ ట్రైనింగ్ చేసిన. మొదటి పోస్టింగు ఆదిలాబాద్ జిల్లాలనే వచ్చింది, లక్షెట్టిపేటకు అర్ధగంట దూరముండే ఊరు. చేరినంక మూడు నెలల దాక ధైర్యం చాలలే. ఒకనాడు జీతం బిల్లు పని మీద లక్షెట్టిపేట పోయి, అడుక్కుంట అడుక్కుంట ఆ ఆఫీసుకు పోయిన.

అరుగు మీద స్టూలేసుకొని కూసున్నది. జుట్టు సగం తెల్లబడ్డది. నన్ను గుర్తుపట్టలే. కరీంనగర్ లెక్కల సారు బిడ్డనన్న. లేచి నా మొఖం రెండు చేతులతోని పట్టుకొని, అరే, మీసం దిద్దుకున్న ఆఫీసరు అన్నది. మా ఆట సంగతి ఆమెకు బాపు చెప్పినట్టున్నడు. టిఫిన్ డబ్బల రొట్టె, వంకాయ కూర ఉంటే సగం నాకు పెట్టింది. బాపు ముచ్చట, అవ్వ ముచ్చట, ఫైల్ అనే పిల్ల ఎంత పెద్దగయిందో ఆ ముచ్చట, అన్నీ అడిగింది. ఈడ ఆఫీసు చిన్నది, సార్లు ఇండ్లకు పిలువరు, ఒకాయన పిలిస్తే పోనని చెప్పిన, ఆయన సప్పుడు చేయలేదని చెప్పింది.

తిన్నంక నేనే అడిగిన. నా మీద కోపమొచ్చిందా చిన్నమ్మా అని.

"వచ్చింది" అన్నది. దాచలే. "ఏడాది దాక ఉండె. మా అవ్వ చొప్పదండిల పాణం విడిచిన్నాడు గోదావరి వంతెన మీదికెల్లి నీళ్లు పోతుండె. బస్సులు బంద్. ఆఖరి మట్టికి అందలే. గానాడు గట్టు మీద కూసోని నిన్ను మస్తు తిట్టిన బిడ్డా."

నాకు కండ్లు నిండినయి. ఆమె నా చెయ్యి తట్టి, విను అన్నది.

"తిట్టి తిట్టి చూస్తే గా కోపం నీ మీద కాదు. పదకొండేండ్లు తోమిన. నా ఇంటాయన అంతకు ముందు తోమిండు. ఒక్కనాడు మా నోట్లెకెల్లి గా మాట రాలే. పదకొండేండ్ల పొల్లకు తోచింది, నాకెందుకు తోచకపాయె అని, గదీ కోపం."

లోపల ఎవలో పిలిస్తే పోయి చాయ్ ఇచ్చొచ్చి, నాకొక కప్పు తెచ్చి, కొత్త కొలువు ఎట్లుంది, మీ హెడ్మాస్టర్ ఎసొంటోడు అని మాట మార్చింది. మంచోడే అన్న. సెలవు దినాలల్ల వాళ్లింటికి పోయి వాళ్ల పిల్లలిద్దరికి పాఠం చెప్తున్నని, ఆయన భార్య ఊరికి పోతే వంట సుత చేసి పెడుతున్నని చెప్పిన. మామూలు ముచ్చట లెక్కనే చెప్పిన.

"ఎందుకు పోతున్నవ్?"

"కొత్తదాన్ని కదా చిన్నమ్మా. కాదంటే ఏమనుకుంటడో అని."

ఆమె నా చేతులు పట్టుకొని, అటు ఇటు తిరగేసి చూసింది. చాయ్ చల్లారింది. తర్వాత నన్ను బస్టాండు దాక తోలుకొచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూసోబెట్టి, జర పదిలం బిడ్డా అని మాత్రం అన్నది.

అదే నేను ఆమెను ఆఖరుగ చూసుడు. తర్వాత నాకు బదిలీ అయి ఇటు దిక్కొచ్చిన. ఉత్తరాలు రాస్తే ఆఫీసుల ఎవలో చదివి వినిపిచ్చేటోల్లట. రెండేండ్ల కింద జ్వరమొచ్చి పోయిందని ఆ ఆఫీసు గుమాస్తానే కార్డు రాసిండు.

లక్షెట్టిపేటల ఆమెను కలిసొచ్చిన మరుసటి సెలవు దినం నేను హెడ్మాస్టర్ ఇంటి దాక పోయి, వాకిట్లనే నిలబడి, ఇగ రానని చెప్పిన. నాకు చిన్నప్పుడు అంత సులువుగ తోచిన మాట ఒక్కటి సుత అప్పుడు నోటికి రాలే. సార్, నేను, సెలవు, ఇంట్ల పని అని నాలుగు తునుకలు దొరికినయి, అవి సుత తడబడుకుంటనే. పెద్దసారు వాకిట్ల నిలబడ్డనాడు చిన్నమ్మకు సుత అట్లనే నోరు తడబడి ఉంటదని, టింగూ అండ ఉన్నదనుకొని ఆమె అంత భయంల సుత ఆ మాట పూర్తిగ అన్నదని, ఆనాడే నాకు తెలిసింది.